కళ్లజోడు తీయకుండానే పక్షిని చూడాలంటే: మధ్యస్థ ధరలో బైనాక్యులర్ ఎంచుకునే పద్ధతి

కళ్లజోడు ఉన్న మిత్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "ముప్పై వేల లోపు ఏ బైనాక్యులర్ కొనమంటారు?" ఒక మోడల్ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ అదే మోడల్ ఒకరి కళ్లజోడుకు చక్కగా సరిపోతుంది, ఇంకొకరికి తాళం కన్నంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. అందుకే పేరు చెప్పే ముందు పద్ధతి చెబుతున్నాను.

నా మొదటి బైనాక్యులర్ 10×50, అంటే పది రెట్లు పెంచి చూపేది, ముందు లెన్స్ వ్యాసం 50 మి.మీ. షాపులో కళ్లజోడు తీసి చూడమన్నారు, చూశాను, బాగానే ఉంది, కొన్నాను. మర్నాడు ఉదయం హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు గట్టు మీద కళ్లజోడుతో చూస్తే నడుమ చిన్న గుండ్రం, చుట్టూ నల్లటి అంచు. కళ్లజోడు తీస్తే పూర్తిగా కనిపిస్తుంది, కానీ తీశాక పక్షి ఏ కొమ్మ మీద ఉందో మామూలు కంటికి కనిపించదు. రెండేళ్లు అలాగే కళ్లజోడు తీస్తూ పెడుతూ గడిపాను. ఎన్ని పాలపిట్టలు ఆ మధ్యలోనే ఎగిరిపోయాయో! మీకు ఆ రెండేళ్లు పోకూడదు.

ఒక మాట ముందే. ఈ తరగతి బైనాక్యులర్స్ పెట్టెల మీద, ఆన్‌లైన్ పేజీల్లో తరచూ 'హంటింగ్' అని ఉంటుంది. కొన్ని దేశాల్లో వేటకు వెళ్లేవాళ్లు వీటిని కొంటారు కాబట్టి ఆ పేరు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నేరం. అయితే తెల్లవారుజామున తక్కువ వెలుగులో, చెట్ల నీడలో, వానలో, గంటల తరబడి మెడలో వేసుకుని తిరగడానికి చేసిన వస్తువు కాబట్టి పక్షులు చూసేవాళ్లకూ ఇదే సరైనది. ఆ పదం చూసి వెనక్కి తగ్గకండి.

మధ్యస్థ ధర అని నేను అంటున్నది సుమారు 12 వేల నుంచి 35 వేల రూపాయల వరకు.

1. కళ్లజోడుతోనే చూడాలా? ముందు ఇది తేల్చుకోండి

అందరికీ కళ్లజోడుతో చూడాల్సిన అవసరం లేదు. మీ కంటి డాక్టర్ ఇచ్చిన చీటీ బయటికి తీయండి. అందులో ఎస్‌పీహెచ్, సీవైఎల్ అని రెండు గడులు ఉంటాయి.

మొదటిది మామూలు సైటు, అంటే మైనస్ లేదా ప్లస్ పవర్. దీన్ని బైనాక్యులర్ ఫోకస్ చక్రమే సరిచేయగలదు. రెండోది సిలిండర్ పవర్. దీన్ని ఏ బైనాక్యులరూ సరిచేయలేదు, ఎంత తిప్పినా అంచులు చెదిరినట్టే ఉంటాయి.

- సిలిండర్ 0.5 లాంటి చిన్న అంకె అయితే పగటి వెలుగులో పెద్దగా తెలియకపోవచ్చు.
- సిలిండర్ 1 లేదా అంతకన్నా ఎక్కువైతే కళ్లజోడుతోనే చూడాలి.
- సిలిండర్ లేదు కానీ మైనస్ 5, 6 ఉంది: కళ్లజోడు తీస్తే కొన్ని మోడళ్లలో దూరపు వస్తువుకు ఫోకస్ అందదు, చక్రం చివరికొచ్చి ఆగిపోతుంది.
- చదవడానికి మాత్రమే కళ్లజోడు వాడతారు: బైనాక్యులర్‌కు అది అక్కర్లేదు. మీకు ఈ వ్యాసంలో సగం అవసరం లేదు.
- కాంటాక్ట్ లెన్సులు వాడతారు: కళ్లజోడు లేనివాళ్ల లెక్కలోకే వస్తారు.

సిలిండర్ లేనివాళ్లకూ నా సలహా కళ్లజోడుతో చూడమనే. పక్షిని ముందు మామూలు కంటితో పట్టుకోవాలి, చూపు దాని మీదే నిలిపి బైనాక్యులర్‌ను కంటికి తెచ్చుకోవాలి. మధ్యలో కళ్లజోడు తీయాల్సి వస్తే ఆ చూపు తెగిపోతుంది.

2. మీ కళ్లజోడును కొలవండి

బైనాక్యులర్ చూడకముందే చేయాల్సిన పని ఇది. ఎవరూ చేయరు, అసలు తేడా వచ్చేది ఇక్కడే.

కంటికీ కళ్లజోడు అద్దానికీ మధ్య మామూలుగా 12 నుంచి 14 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. దానికి అద్దం మందం కలుస్తుంది. ఇంట్లో ఎవరినైనా మీ పక్కన రెండు మూడు అడుగుల దూరంలో నిలబెట్టి, ముఖాన్ని సరిగ్గా పక్క నుంచి ఫోన్‌లో ఫొటో తీయమనండి. కళ్లజోడు కాడ పక్కన ఒక ప్లాస్టిక్ స్కేలు పట్టుకోండి, ఫొటోలో దాని గీతలు కనిపించాలి. కంటి ముందు భాగం నుంచి అద్దం బయటి వైపు వరకు ఎన్ని మిల్లీమీటర్లో లెక్కపెట్టండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొరపాటు సహజం, మూడు ఫొటోలు తీసి సగటు తీసుకోండి.

ఆ అంకెను కాగితం మీద రాసుకోండి. దానికి 3 కలపండి. మీకు కావలసిన కనీస ఐ రిలీఫ్ (దృశ్యం మొత్తం కనిపించేలా వెనక లెన్స్ నుంచి కన్ను ఉండగల దూరం) అదే. ఉదాహరణకు మీ కొలత 14 మి.మీ. వస్తే 17 మి.మీ. ఐ రిలీఫ్ ఉన్న బైనాక్యులర్ నుంచి చూడటం మొదలుపెట్టండి. ఆ మూడు ఎందుకో తరువాతి మెట్టులో చెబుతాను.

కొలిచేటప్పుడు కళ్లజోడు ముక్కు మీద కిందికి జారి ఉందేమో గమనించండి. జారిన కళ్లజోడు కంటికి రెండు మూడు మిల్లీమీటర్లు దూరం వెళ్లిపోతుంది. కళ్లద్దాల షాపులో ముక్కు ప్యాడ్లు బిగించి, కాడలు చెవి వెనక సరిగ్గా వంచమనండి. ఐదు నిమిషాల పని. ఇది చేయించుకున్నాక మా బాబాయికి పాత బైనాక్యులర్‌తోనే మునుపటికన్నా వెడల్పుగా కనిపించింది, కొత్తది కొనాలన్న ఆలోచన ఏడాది వాయిదా పడింది.

మందపాటి ప్లాస్టిక్ ఫ్రేములు, ముక్కు ప్యాడ్లు కదలనివి, కంటికి దూరంగా కూర్చుంటాయి. త్వరలో కళ్లజోడు మార్చే ఆలోచన ఉంటే ముందు అది మార్చండి, తరువాత బైనాక్యులర్ కొనండి.

3. ఐ రిలీఫ్ అంకెను చదవడం

ఐ రిలీఫ్ అంటే బైనాక్యులర్ వెనక లెన్స్ నుంచి కన్ను ఎంత దూరంలో ఉన్నా దృశ్యం మొత్తం కనిపిస్తుందో ఆ దూరం. కన్ను అంతకన్నా దూరం జరిగితే దృశ్యం అంచుల నుంచి కోసుకుపోతుంది. కళ్లజోడు అడ్డం ఉన్నవాళ్ల కన్ను ఎప్పుడూ దూరంగానే ఉంటుంది కదా, అందుకే ఈ అంకె మనకు ప్రాణం.

స్థూలంగా ఇలా చూసుకోండి:

- 12 మి.మీ., అంతకన్నా తక్కువ: కళ్లజోడుకు పనికిరాదు.
- 15 మి.మీ.: పలుచటి అద్దం, ముఖానికి దగ్గరగా కూర్చునే ఫ్రేము ఉంటే అతికష్టం మీద.
- 17, 18 మి.మీ.: చాలామందికి హాయిగా ఉంటుంది.
- 19, 20 మి.మీ.: మందపాటి ఫ్రేములకు కూడా సరిపోతుంది. అయితే కొందరికి కళ్ల ముందు నల్లటి నీడలు ఆడతాయి, దాని మందు 9వ మెట్టులో ఉంది.

ఇప్పుడు ఆ మూడు మిల్లీమీటర్ల సంగతి. కంపెనీ చెప్పే దూరం లెన్స్ అద్దం నుంచి కొలిచింది. ఆ అద్దం ఐకప్ (కంటి వైపు ఉండే రబ్బరు కప్పు) అంచుకన్నా లోపలికి దిగి ఉంటుంది. మీ కళ్లజోడు తగిలేది ఐకప్ అంచుకు, అద్దానికి కాదు. అంటే పెట్టె మీద 17 అని రాసి ఉన్నా చేతికి దక్కేది 14 కావచ్చు. ఎంత పోతుందన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. ఐకప్‌ను పూర్తిగా కిందికి దించి లోపలికి చూడండి: అద్దం అంచుకు దగ్గరగా కనిపిస్తే మంచిది, బావిలో నీళ్లలా లోతుగా ఉంటే అనుమానించండి.

ఒకే సిరీస్ అయినా అంకెలు మారిపోతాయి. నికాన్ ప్రోస్టాఫ్ పీ3లో 8×42 ఐ రిలీఫ్ 20.2 మి.మీ., అదే సిరీస్ 10×42 కు 15.7 మి.మీ. మాత్రమే. వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీలో 8×42 కు 17, 10×42 కు 15. మిత్రుడు 8 కొని బాగుందంటే మీరు 10 కొనేయకండి, కళ్లజోడు ఉన్నవాళ్లకు అవి రెండూ వేరు వేరు వస్తువులు.

మొదటిసారి కొనేవాళ్లకు తరచూ సూచించే నికాన్ ఆక్యులాన్ ఏ211 10×50 ఐ రిలీఫ్ 11.8 మి.మీ. కళ్లజోడు లేనివాళ్లకు ఆ ధరలో మంచిదే. మనకు కాదు.

ఇంకో లెక్క ఉంది. ఐ రిలీఫ్ పెరిగితే తరచూ దృశ్యం వెడల్పు తగ్గుతుంది. నికాన్ మోనార్క్ ఎం5 8×42 కు ఐ రిలీఫ్ 19.5 మి.మీ., దృశ్యం వెడల్పు 6.4 డిగ్రీలు, అంటే కిలోమీటరు దూరంలో 112 మీటర్లు. ఎం7 8×42 కు 17.1 మి.మీ., 8.3 డిగ్రీలు, అంటే 145 మీటర్లు. కాగితం మీద ఎం7 గెలిచినట్టే. కానీ మీ కళ్లజోడు 17.1 ని అందుకోలేకపోతే ఆ 145 మీటర్లలో అంచులు కోసుకుపోయి, మీకు దక్కేది ఎం5 వెడల్పుకన్నా తగ్గిపోవచ్చు. వెడల్పు అంకె మోసం కాదు, అది కన్ను సరైన చోట ఉన్నవాళ్లకు వర్తించే అంకె.

4. ఎనిమిదా, పదా?

ఎనిమిదే. మొదటి బైనాక్యులర్ కొనే కళ్లజోడు మనిషికి ఇందులో నాకు సందేహం లేదు.

కళ్లజోడు లేనివాళ్లు ఐకప్‌ను కంటి గుంటకు ఆనించి పెట్టుకుంటారు, ముఖమే ఒక స్టాండ్‌లా పనిచేస్తుంది. మనకు ఆ ఆసరా లేదు. ఐకప్ కళ్లజోడు మీద ఆనుతుంది, కళ్లజోడు ముక్కు మీద కదులుతుంది. పది రెట్లు పెంచి చూపే పరికరం చేతి వణుకును కూడా పది రెట్లు పెంచుతుంది. దానికితోడు మీరు పైన చూసినట్టు పదిలో ఐ రిలీఫ్ సాధారణంగా తక్కువ.

వెలుగు లెక్క కూడా చూడండి. ముందు లెన్స్ వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం వస్తుంది. 8×42 కు 5.25 మి.మీ., 10×42 కు 4.2, 8×32 కు 4. కేబీఆర్ పార్కులో చెట్ల కింద, పొద్దున్నే ఆరు గంటలకు, ఈ తేడా కంటికి తెలుస్తుంది. వలయం పెద్దదైతే కన్ను కాస్త అటూ ఇటూ జరిగినా చీకటి పడదు, కళ్లజోడుతో ఇది చాలా హాయి.

ఉస్మాన్ సాగర్, మంజీర లాంటి పెద్ద నీటి ఒడ్డున దూరంగా తేలే బాతులే మీ ఇష్టమైతే పది గురించి ఆలోచించండి, కానీ 17 మి.మీ. ఐ రిలీఫ్ ఉన్న పదే వెతకండి. దొరకకపోతే ఎనిమిది దగ్గరే ఆగండి.

8×32 బరువు తక్కువ, ప్రయాణాలకు బాగుంటుంది. చాలావాటిలో ఐ రిలీఫ్ 15 దగ్గర ఆగిపోతుంది, చూసి కొనండి.

5. ఈ ధరలో ఏమేమి ఉండాలి, దేన్ని వదిలేయాలి

తప్పనిసరిగా అడగాల్సినవి:

- లెన్సులన్నిటికీ అన్ని వైపులా పలు పొరల కోటింగ్. పెట్టె మీద 'ఫుల్లీ మల్టీ కోటెడ్' అని ఉండాలి. 'కోటెడ్' అని ఒక్క మాటే ఉంటే చాలదు.
- బ్యాక్-4 అనే మేలురకం గాజుతో చేసిన ప్రిజం. గొట్టాలు నిటారుగా ఉండే రూఫ్ ప్రిజం రకమైతే ప్రిజం మీద ఫేజ్ కోటింగ్ కూడా.
- నీళ్లు చొరబడకుండా సీలు చేసి లోపల నైట్రోజన్ నింపినది. మన వానాకాలానికి ఇది విలాసం కాదు.
- తిప్పితే పైకి వచ్చే ఐకప్, మధ్యలో కనీసం ఒక ఆగే మెట్టు.
- బరువు 700 గ్రాముల లోపు. ఎం5 8×42 సుమారు 630 గ్రాములు, రెండు గంటల నడకకు అది ఫర్వాలేదు.

పక్కన పెట్టాల్సినవి: జూమ్ బైనాక్యులర్స్, ఎర్రగా మెరిసే లెన్సులవి, అరచేతిలో పట్టే సైజులో '30×60' అని రాసి ఉండేవి. ఆ చివరి రకాన్ని పట్టుకోవడం తేలిక. ముందు లెన్స్‌ను స్కేలుతో కొలవండి. 60 అని రాసి ఉంటే 60 మిల్లీమీటర్లు, అంటే ఆరు సెంటీమీటర్లు, ఉండాలి. లేకపోతే మిగతా అంకెలను కూడా నమ్మనక్కర్లేదు.

వణుకు తగ్గించే ఇమేజ్ స్టెబిలైజర్, దూరం చెప్పే లేజర్ లాంటివి ఈ ధరలో వెతకవద్దు. ఆ డబ్బు అద్దానికి పెట్టండి.

6. షాపులో పదిహేను నిమిషాల పరీక్ష

కోఠి, అబిడ్స్ వైపు కెమెరా షాపుల్లో కొన్ని మోడళ్లు చేతికిచ్చి చూపిస్తారు. ముందే ఫోన్ చేసి, మీకు కావాల్సిన మోడల్ స్టాకులో ఉందో లేదో కనుక్కుని వెళ్లండి. పగటిపూట వెళ్లండి. షాపు లోపల ట్యూబ్‌లైట్ల కింద చూసి తేల్చుకోవద్దు, గుమ్మం బయట నిలబడి రోడ్డుకు అవతలి వైపు చూస్తానని మర్యాదగా అడగండి. కుదరదంటే కొనకుండా వచ్చేయండి.

రోజూ పెట్టుకునే కళ్లజోడుతోనే వెళ్లండి. ఎండ కళ్లజోడు, పాత కళ్లజోడు వద్దు.

*మొదట, కళ్ల మధ్య దూరం.* రెండు గొట్టాలను దగ్గరికి, దూరానికి వంచుతూ రెండు గుండ్రాలు కలిసి ఒకటయ్యే చోట ఆపండి. చాలా మోడళ్లు 56 నుంచి 72 మి.మీ. వరకు వెళ్తాయి. మీ కళ్లద్దాల చీటీ మీద పీడీ (కళ్ల మధ్య దూరం) అనే అంకె ఉంటే అది ఈ హద్దుల్లో ఉందో చూసుకోండి. ముఖం సన్నగా ఉన్నవాళ్లకు, పిల్లలకు కొన్ని మోడళ్లు ఎంత వంచినా కలవవు.

*రెండోది, అసలు పరీక్ష.* ఎదురుగా ఒకే వరుసలో కిటికీలు ఉన్న భవనం గానీ, అక్షరాల బోర్డు గానీ ఎంచుకోండి. కళ్లజోడు తీసి, ఐకప్ పూర్తిగా పైకి తిప్పి చూడండి. ఎడమ అంచు నుంచి కుడి అంచు వరకు ఎన్ని కిటికీలు పడుతున్నాయో లెక్కపెట్టండి. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని, ఐకప్ పూర్తిగా కిందికి దించి, అక్కడే నిలబడి మళ్లీ లెక్కపెట్టండి.

పదికి పది వస్తే ఆ బైనాక్యులర్ మీ కోసమే. తొమ్మిది వచ్చినా తీసుకోవచ్చు. ఏడు వస్తే, ధర ఎంత తగ్గించినా వద్దు. ఈ ఒక్క పరీక్ష మిగతా అన్ని అంకెలకన్నా ఎక్కువ చెబుతుంది.

*మూడోది, అంచు.* కళ్లజోడుతో చూస్తున్నప్పుడు దృశ్యం చుట్టూ స్పష్టమైన నల్లటి గీత ఉంటే మొత్తం కనిపిస్తున్నట్టు. అంచు మసకగా, పొగలా కరిగిపోతే ఇంకా కొంత బయట ఉండిపోయిందని అర్థం.

*నాలుగోది, జంట.* దూరంగా ఉన్న కరెంటు తీగను చూస్తూ బైనాక్యులర్‌ను మెల్లగా కళ్ల నుంచి కాస్త దూరంగా జరపండి. ఒక తీగ రెండుగా, ఒకదాని మీద ఒకటిగా విడిపోతే రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూడటం లేదు. అలాంటిది వాడితే అరగంటలో తలనొప్పి వస్తుంది. వేరే పీసు అడగండి.

*ఐదోది, కాంతి వలయం.* చేయి చాచి పట్టుకుని, ఆకాశం వైపు తిప్పి, వెనక లెన్సుల్లో కనిపించే వెలుగు చుక్కలను చూడండి. గుండ్రంగా ఉండాలి. పలకలుగా, అంచులు నెరిసినట్టు ఉంటే ప్రిజం తక్కువ రకం.

*ఆరోది, చక్రం.* ఫోకస్ చక్రం ఒక్క వేలితో నున్నగా తిరగాలి. వెనక్కి తిప్పినప్పుడు ఒక క్షణం ఖాళీగా తిరిగి అప్పుడు పట్టుకుంటే అది వదులు. మీ పాదాల ముందు రెండు మూడు మీటర్ల దూరానికి ఫోకస్ అవుతుందో కూడా చూడండి, సీతాకోకచిలుకలకు పనికొస్తుంది.

చివరగా, ఐకప్ అంచును వేలితో తడమండి. మెత్తటి రబ్బరు ఉండాలి. గట్టి ప్లాస్టిక్ లేదా లోహం అంచు బయటికి తేలి ఉంటే ఆరు నెలల్లో కళ్లజోడు అద్దం మీద గుండ్రటి గీతలు పడతాయి.

7. ఆన్‌లైన్‌లో కొంటే

చాలా మోడళ్లు షాపుల్లో కనిపించవు, ఆన్‌లైనే దిక్కు. అప్పుడు ఇలా చేయండి.

- ఐ రిలీఫ్ అంకెను అమ్మే పేజీలో కాకుండా కంపెనీ సొంత పేజీలో చూడండి. అమ్మేవాళ్ల పేజీల్లో 8 అంకె 10 కు, 10 అంకె 8 కు పడిపోవడం చాలాసార్లు చూశాను.
- 'కళ్లజోడు ఉన్నవాళ్లకు అనుకూలం' అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. అంకె కావాలి.
- వాపసు తీసుకుంటారా, లేక మార్చి మాత్రమే ఇస్తారా? ఎన్ని రోజులు? ఆర్డర్ పెట్టకముందే చదవండి. మార్చి ఇస్తామంటే అదే మోడల్ మళ్లీ వస్తుంది, మీ కళ్లజోడుకు సరిపోనిది సరిపోనిదిగానే ఉంటుంది.
- జీఎస్‌టీ బిల్లు, భారత్‌లో చెల్లే వారంటీ ఉండాలి. విదేశం నుంచి ఎవరో తెచ్చి అమ్మేది రెండు మూడు వేలు తక్కువకు రావచ్చు, పాడైతే ఇక్కడ చూసేవాళ్లు ఉండకపోవచ్చు.
- పెట్టె తెరుస్తూ వీడియో తీయండి. ప్లాస్టిక్ కవర్లు, కార్డులు ఏవీ పారేయకండి.

వచ్చిన రోజే 6వ మెట్టులోని పరీక్షలన్నీ డాబా మీద చేయండి.

8. సెట్ చేసుకునే వరుస

ఈ వరుస తప్పితే వేలు పోసి కొన్నది కూడా మసకగానే కనిపిస్తుంది. కళ్లజోడు పెట్టుకునే చేయండి.

1. ఐకప్స్ రెండూ పూర్తిగా కిందికి దించండి.
2. గొట్టాలను వంచి రెండు గుండ్రాలను ఒకటి చేయండి.
3. యాభై అడుగుల దూరంలో అంచులు స్పష్టంగా ఉన్న వస్తువును ఎంచుకోండి. అక్షరాల బోర్డు మేలు.
4. కుడి గొట్టం ముందు లెన్స్‌ను అరచేతితో మూయండి. రెండు కళ్లూ తెరిచే ఉంచి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి స్పష్టంగా చేయండి.
5. ఇప్పుడు ఎడమ లెన్స్ మూయండి. మధ్య చక్రాన్ని ముట్టుకోవద్దు. కుడి ఐకప్ దగ్గర ఉండే డయాప్టర్ రింగు తిప్పి కుడి కంటికి స్పష్టంగా చేయండి.
6. రెండూ తెరిచి చూడండి. ఆ రింగు ఏ గీత దగ్గర ఉందో గుర్తుపెట్టుకోండి లేదా ఫొటో తీసుకోండి.

డయాప్టర్ రింగు కొన్ని మోడళ్లలో మధ్య చక్రం దగ్గర ఉంటుంది, పని మాత్రం ఇదే. ఒక కన్ను గట్టిగా మూసి చేయకండి, తెరిచిన కన్ను కూడా బిగుసుకుపోయి తప్పు ఫోకస్ వస్తుంది. అందుకే అరచేతితో మూయమన్నాను.

కళ్లజోడు పవర్ మారినప్పుడల్లా ఇది మళ్లీ చేయాలి.

9. ఎదురయ్యే ఇబ్బందులు, వాటికి మందులు

నల్లటి నీడలు ఆడుతున్నాయి. కన్ను లెన్స్‌కు మరీ దగ్గరైందని అర్థం. ఐ రిలీఫ్ 19, 20 ఉన్నవాటిలో, పలుచటి కళ్లజోడు ఉన్నవాళ్లకు ఇది వస్తుంది. ఐకప్‌ను ఒక్క మెట్టు పైకి తిప్పండి. చాలామంది కళ్లజోడు ఉంటే పూర్తిగా కిందికే అని పట్టుబట్టి వీటితో బాధపడతారు.

చుట్టూ కోసుకుపోతోంది. ఐకప్ నిజంగా చివరి వరకు దిగిందా చూడండి. కళ్లజోడు జారిందేమో చూడండి. అప్పటికీ తీరకపోతే ఆ జోడీ కుదరలేదు, వాపసు గడువు లోపల తిప్పి పంపండి. అలవాటైపోతుందిలే అని ఉంచుకోవద్దు, అలవాటు కాదు.

చేయి వణుకుతోంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. రెండు బొటనవేళ్లు చెంప ఎముకల మీద పెట్టండి, కంటి గుంట ఇవ్వని ఆసరా అవి ఇస్తాయి. టోపీ ఉంటే చూపుడువేళ్లను టోపీ అంచు మీదికి చాచి పట్టుకోండి. మృగవని జాతీయ పార్కు లాంటి చోట చెట్టుకు ఆనుకుని నిలబడితే ఇంకా మేలు.

పక్క నుంచి ఎండ పడి తెల్లగా వెలిసినట్టు ఉంది. కళ్లజోడుకూ కణతకూ మధ్య సందు ఉంటుంది, పొద్దుటి ఎండ అక్కడి నుంచి దూరి అద్దం వెనక మెరుస్తుంది. అంచు ఉన్న టోపీ పెట్టుకోండి, ఎండ పడే వైపు చేతివేళ్లను కాస్త చాచి అడ్డం పెట్టండి. అలా నిలబడి చూస్తే చెరువు నీళ్ల మెరుపులో కూడా నీటికాకి రెక్కల రంగు తెలుస్తుంది.

ప్రోగ్రెసివ్ అద్దాలతో సగమే స్పష్టంగా ఉంది. మా పిన్నికి ఇదే సమస్య. ప్రోగ్రెసివ్, బైఫోకల్ అద్దాల్లో దూరపు చూపు పై భాగంలో, చదివే చూపు కింది భాగంలో ఉంటుంది. ఆవిడ బైనాక్యులర్‌ను కాస్త కిందికి పట్టుకుని కళ్లు దించి చూసేది, అంటే చదివే భాగంలోంచి. గొట్టాలను అర అంగుళం పైకెత్తి, కళ్లు నిటారుగా ఉంచి చూడమన్నాను. చెట్టు కొనకొమ్మ చూడాలన్నా కళ్లను కాదు, తల మొత్తాన్నీ ఎత్తాలి. డయాప్టర్ కూడా ఆ స్థితిలోనే మళ్లీ సెట్ చేశాం. రెండో వారానికి అనంతగిరి కొండల్లో పసిరిక పిట్ట గొంతు కింద నల్ల గీతను తనే చూపించింది.

పక్షి దొరకడం లేదు. పరికరం తప్పు కాదు. పక్షి మీద చూపు నిలిపి, తల కదల్చకుండా బైనాక్యులర్‌ను కళ్ల ముందుకు తేవాలి. ముందు కదలని వాటితో సాధన చేయండి: నీళ్ల ట్యాంకు, డిష్ యాంటెన్నా, స్తంభం మీద పావురం. రోజుకు ఇరవై సార్లు, వారం రోజులు.

కళ్లజోడు మసకబారుతోంది. ఏసీ కారులోంచి వానాకాలపు గాలిలోకి దిగగానే కళ్లజోడు, బైనాక్యులర్ రెండిటి మీదా ఆవిరి పడుతుంది. గమ్యం చేరడానికి పది నిమిషాల ముందే ఏసీ ఆపి కిటికీలు దించండి. పైన పడిన ఆవిరి దానంతటదే పోతుంది. లోపలి వైపు ఆవిరి కనిపిస్తే సీలు పోయినట్టు, వారంటీకి వెళ్లాల్సిందే.

కళ్లజోడు మీద గీతలు పడుతున్నాయి. ఐకప్ రబ్బరులో ఇసుక రేణువులు ఇరుక్కున్నాయి. బయటికి వెళ్లే ముందు, వచ్చాక, తడి గుడ్డతో రబ్బరు అంచును తుడవండి. పక్కకు రుద్దకుండా నేరుగా ఆనించి, నేరుగా తీయండి.

10. తుడవడం, దాచడం

లెన్స్ మీద దుమ్ము ఉండగా చొక్కా కొంగుతో తుడిస్తే ఆ దుమ్మే గీత గీస్తుంది. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, తరువాత మెత్తటి బ్రష్, చివరగా కళ్లద్దాల ద్రావకం చుక్క వేసిన మైక్రోఫైబర్ గుడ్డ. ద్రావకం గుడ్డ మీద వేయాలి, లెన్స్ మీద కాదు.

జూన్ నుంచి అక్టోబర్ దాకా మన గాలిలో తేమకు లెన్సుల మీద బూజు పట్టే ప్రమాదం ఉంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో మరిచిపోవద్దు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, పొట్లాలు రంగు మారితే కొత్తవి వేయండి. తడిసి వస్తే ముందు ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి, ఆ తరువాతే డబ్బాలోకి.

మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. లోపలి జిగురు, గ్రీజు ఆ వేడికి నిలవవు.

వాపసు గడువు ఇంకా నడుస్తుండగానే ఒక ఉదయం దాన్ని నిజంగా వాడండి. ఆరున్నరకు అమీన్‌పూర్ గానీ, మీకు దగ్గర్లోని చెరువు గానీ. కళ్లజోడుతో, టోపీతో, రెండు గంటలు. వెళ్లేటప్పుడు జేబులో ఈ చీటీ ఉంచుకోండి:

- దృశ్యం చుట్టూ నల్ల గీత పూర్తిగా కనిపిస్తోందా?
- గంట తరువాత కళ్లు లాగుతున్నాయా, తలనొప్పి ఉందా?
- మెడ బరువెక్కిందా? పట్టీ మారిస్తే తగ్గుతుందా?
- ఎగిరే కొంగను రెక్కలు కనిపించేలా వెంటాడగలిగానా?
- కళ్లజోడును ఒక్కసారైనా తీయాల్సి వచ్చిందా?

చివరి ప్రశ్నకు అవును అని వస్తే, ఇంటికి రాగానే పెట్టెలో సర్ది తిప్పి పంపండి.